ఉప్పుటేరు పక్కన ఆరెకరాలు: ప్రొద్దుటూరు తమ్ముడికి కడప నుంచి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్రొద్దుటూరులో స్థలం అమ్మిన డబ్బు చేతిలో ఉంది, నెల్లూరు జిల్లాలో మీ మేనమామ ఒక ఉప్పుటేరు పక్కన ఆరెకరాలు చూపించాడు, నాలుగెకరాల్లో రొయ్యల గుంటలు, మిగిలిన రెండెకరాల్లో ఐస్ ప్లాంటు, చిన్న ప్రాసెసింగ్ యూనిట్ అంటున్నాడు. సముద్రం అక్కడికి మూడు కిలోమీటర్లు కాబట్టి సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) గొడవ ఉండదని, పైగా 2019లో రూల్స్ సడలించారని ఆయన ధీమా. అది నిజమేనా అని అడిగావు. దాంతోపాటు, పర్యావరణం పేరు చెప్పి తీరంలో పరిశ్రమలకు అడ్డుపడటం మనలాంటి వెనకబడిన జిల్లాల పిల్లలకు అన్యాయం కాదా అన్నావు. చివర్లో మీ స్నేహితుడి మాట కూడా రాశావు, సీమోళ్ళకు సముద్రంతో ఏం పనిరా అని. మూడింటికీ చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

నాది కడప. ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరుగా ఇరవై ఆరేళ్ళు తీరం వెంబడే పనిచేశాను. ఈటీపీలు (ఫ్యాక్టరీ వ్యర్థ జలాలు శుద్ధి చేసే ప్లాంట్లు) నడిపాను, నీళ్ళ శాంపిళ్ళు తీశాను, పర్మిషన్ల ఫైళ్ళు మోసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఇప్పుడు ఎర్రముక్కపల్లిలో ఇంటిపట్టున ఉంటున్నా. అందుకే ఇక్కడ చెప్పేదాంట్లో సగం చదివింది, సగం చూసింది.

ముందు ఆ మూడు కిలోమీటర్ల సంగతి. మీ మామ దూరం కొలిచింది సముద్రం నుంచి. చట్టం కొలిచేది నీళ్ళ పోటు ఎక్కడిదాకా వస్తుందో అక్కడి నుంచి. ఉప్పుటేరులోకి పోటు వస్తుంది కదా, మరి ఆ ఏటి ఒడ్డు కూడా తీరమే. ఏ ఏరు ఎంతవరకు తీరం కిందికి వస్తుందో తేల్చడానికి పద్ధతి ఉంది, ఏడాదిలో బాగా ఎండిన కాలంలో నీళ్ళలో ఉప్పు లీటరుకు 5 గ్రాములు, అంటే 5 పీపీటీ, ఎంతవరకు కనిపిస్తుందో అంతవరకు. వేసవిలో మన వైపు బోర్లే ఎండిపోతాయి, అక్కడ ఏట్లో మంచినీళ్ళు తగ్గి ఉప్పు నీళ్ళు లోపలికి ఎగదన్నుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మూడు నాలుగు కిలోమీటర్ల లోపల 5 పీపీటీ దాటడం నేను చాలా చోట్ల చూశాను. కాబట్టి నీ స్థలం సీఆర్‌జెడ్‌లో లేదని మీ మామ నోటిమాటగా చెప్తే నమ్మొద్దు, ఆయన అబద్ధం చెప్తున్నాడని కాదు, ఆయనకు తెలియదు.

2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ సడలించిన మాట నిజమే. 1991లో మొదటిది వచ్చింది, 2011లో రెండోది, 2019 జనవరిలో మూడోది, అన్నీ 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కిందే. సముద్రం వైపైతే హై టైడ్ లైన్ (పెద్ద పోటుకు నీళ్ళు చేరే గీత) నుంచి 500 మీటర్లు సీఆర్‌జెడ్ కిందికి వస్తాయి. ఏరు, ఉప్పుటేరు పక్కనైతే 2011లో 100 మీటర్లు లేదా ఏటి వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019లో ఆ 100 కాస్తా 50 అయింది. పల్లె ప్రాంతాల్లో సముద్రం పక్కన ఏమీ కట్టకూడని జాగా అంతకుముందు 200 మీటర్లు ఉండేది, ఇప్పుడు 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్న ఊళ్ళలో అది 50 మీటర్లకు తగ్గింది, అంతకంటే పలచగా ఉన్న ఊళ్ళలో 200 అలాగే ఉంది. ఇక్కడ చాలామంది చదవని వాక్యం ఒకటుంది. రాష్ట్రం తన కోస్టల్ జోన్ మ్యాపును కొత్త నోటిఫికేషన్ ప్రకారం తిరగరాసి కేంద్రం దగ్గర ఆమోదం తెచ్చుకున్నాకే ఈ కొత్త దూరాలు అమల్లోకి వస్తాయి, అప్పటిదాకా 2011 లెక్కే. అందుకని నువ్వు పేపర్లో వార్త చూసి అడ్వాన్స్ ఇవ్వకు. నీ సర్వే నంబరు ఏ మ్యాపులో, ఏ గీతకు అటు ఉందో ఇటు ఉందో రాతపూర్వకంగా కనుక్కో. పల్లె స్థాయిలో సర్వే నంబర్లతో సహా మ్యాపులు ఉంటాయి, రాష్ట్ర కోస్టల్ జోన్ మేనేజ్‌మెంట్ అథారిటీ వాటి ఆధారంగానే మాట్లాడుతుంది. పక్కన మడ చెట్లు ఉంటే ఇంకా జాగ్రత్త, వెయ్యి చదరపు మీటర్లు మించిన మడ అడవి చుట్టూ మరో 50 మీటర్లు కూడా ఆ అడవి లెక్కలోకే పోతుంది.

గుంటల సంగతి వేరే చట్టం. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, ఆఫీసు చెన్నైలో. సముద్రం నుంచే కాదు, ఉప్పుటేర్లు, నదులు, బ్యాక్‌వాటర్ల హై టైడ్ లైన్ నుంచి కూడా రెండు కిలోమీటర్ల లోపల రొయ్యల సాగు చేస్తే రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. నీ ఆరెకరాలు ఏటి పక్కనే అంటున్నావు కాబట్టి నీకు తప్పదు. 2023లో సవరించి రొయ్యపిల్లలను పుట్టించే హ్యాచరీల వంటివాటిని కూడా దాని కిందికి తెచ్చారు. జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో మొదలుపెట్టు. ఐస్ ప్లాంటు గురించి మీ మామ ఒక మాట అని ఉంటాడు, తీరంలో ఐస్ ప్లాంటుకు అభ్యంతరం ఉండదని. నోటిఫికేషన్‌లో ఉన్నది అక్కడి మత్స్యకారుల అవసరాల కోసం పెట్టే ఐస్ ప్లాంటు, చేపలు ఎండబెట్టే జాగాలు, వలలు బాగుచేసుకునే షెడ్ల గురించి. బయట నుంచి వచ్చిన మనం లాభం కోసం పెట్టే ప్రాసెసింగ్ యూనిట్‌ను దాని చాటున దూర్చడం తప్పు, చట్టం లెక్కలోనూ మనుషుల లెక్కలోనూ. దానికి కాలుష్య నియంత్రణ మండలి దగ్గర కట్టడానికి ఒక అనుమతి, నడపడానికి ఇంకొక అనుమతి విడిగా తీసుకోవాలి.

కాగితాలు అయ్యాయి. ఇంత చెప్పినా నా లెక్కలో ఇవి చిన్న విషయాలే. కాగితాలన్నీ సరిగ్గా ఉండి కూడా డబ్బంతా ఏట్లో కలిసినవాళ్ళను చూశాను. తీరంలో భూమి కొనేవాడు మన జిల్లాలో చేను కొన్నట్టు హద్దురాళ్ళు చూసి కొంటాడు. అక్కడ హద్దు నిలిచి ఉండదు. నీళ్ళు కదులుతాయి, ఇసుక కదులుతుంది. ఈ రెండూ ఎటు నుంచి ఎటు పోతున్నాయో తెలియకుండా అక్కడ ఏది కట్టినా గుడ్డిగా కట్టినట్టే.

ఒకసారి జరిగింది చెప్తాను. నేను అప్పుడు ఒక కెమికల్ ఫ్యాక్టరీలో ఈటీపీ ఇన్‌చార్జిని, పేరెందుకులే. మా వ్యర్థ జలాలు శుద్ధి చేసి పైపులో సముద్రం లోపలికి పంపాలి. పంపులు చెడిపోయినప్పుడల్లా రాత్రిపూట పక్కనున్న ఉప్పుటేట్లోకి వదిలేవాళ్ళు. అదే ఏటి పక్కన వందల ఎకరాల గుంటలు, ఆ రైతులు పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయ్యాక గుంటల నీళ్ళు అందులోకే తోడేవాళ్ళు, మళ్ళీ పంట వేసేటప్పుడు అందులోంచే తోడుకునేవాళ్ళు. మామూలు ఏడాదైతే రోజుకు రెండుసార్లు పోటు వచ్చి అంతో ఇంతో కడిగేసేది. ఆ ఏడు వానలు లేవు, పైనుంచి ఏట్లోకి నీళ్ళు రాలేదు, అలలు తెచ్చిన ఇసుకను నెట్టేసే బలం ఏటికి లేక మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుక మేటవేసి మూసుకుపోయింది. ఇక అది ఏరు కాదు, పెద్ద చెరువు. ఫ్యాక్టరీది, గుంటలది, ఊరి మురుగు అంతా అక్కడే నిలిచింది.

తెల్లవారుజామున ఐదింటికి శాంపిల్ తీయడానికి పోయాను. రాత్రంతా నాచు, మొక్కలు ఊపిరి తీసుకుంటాయి కాబట్టి నీళ్ళలో ఆక్సిజన్ అప్పుడే బాగా తగ్గి ఉంటుంది, మధ్యాహ్నం తీసిన శాంపిల్ నీకు అబద్ధం చెప్తుంది. గాజు బుడ్డీలో గాలి బుడగ లేకుండా నీళ్ళు పట్టి, మాంగనీస్ సల్ఫేటు ఒక పిప్పెట్, ఆల్కలీ అయొడైడు ఒక పిప్పెట్ వేసి మూత పెట్టి తిప్పాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు ముద్ద అడుక్కి దిగుతుంది. ఎంత ముదురు రంగైతే అంత ఆక్సిజన్. నా చేతిలో బుడ్డీ తిప్పుతూ చూస్తున్నా, ముద్ద దిగింది, తెల్లగా దిగింది, విరిగిన పాల లాగా. రెండో బుడ్డీ పట్టాను, అదీ తెల్లగానే. తల ఎత్తి చూస్తే మడ చెట్ల వేళ్ళ మీద పీతలు, పదులకొద్దీ పీతలు నీళ్ళలోంచి పైకి ఎక్కి కదలకుండా కూర్చుని ఉన్నాయి. వల తీయడానికి వచ్చిన పెద్దాయన ఒకాయన నన్నే చూస్తున్నాడు. పీత చెట్టెక్కిందంటే నీళ్ళల్లో ఊపిరి లేదని సార్, దానికి సీసా ఎందుకు అన్నాడు. ఆయన వలలో అరచేయంత చేపలు, అన్నీ చచ్చినవే, మొప్పలు తెల్లబడిపోయి.

ఆ వారంలోనే గుంటల్లో రొయ్యలు తేలడం మొదలైంది. ఒకరి గుంటలో రోగం వచ్చి నీళ్ళు ఏట్లోకి వదిలితే పక్కవాడు అవే నీళ్ళు తోడుకున్నాడు. పంట మీద లక్షలు అప్పు తెచ్చినవాళ్ళు గట్ల మీద కూర్చుని ఏడ్చారు. నేను రిపోర్టు రాసి పైకి పంపాను, రాత్రిపూట వదలడం ఆపమని. నన్ను వేరే యూనిట్‌కు మార్చారు. ఊళ్ళోవాళ్ళే చందాలు వేసుకుని జేసీబీ పెట్టి మొగ తెంచారు, పోటు లోపలికి వచ్చింది, మెల్లగా నీళ్ళు తేరుకున్నాయి. ఇప్పటికీ ఆ తెల్ల ముద్ద గుర్తొస్తే నాకు గుండెలో బరువుగా ఉంటుంది. ఆ రిపోర్టు ఇంకో మూడు నెలల ముందే రాసి ఉండాల్సింది.

నువ్వు ఆ సంగతిని నీ స్థలానికి పెట్టి చూసుకో. 2005 నాటి నిబంధనల్లో ఐదు హెక్టార్లు మించిన సాగుకే వ్యర్థ జలాల శుద్ధి తప్పనిసరి చేశారు. నీవి నాలుగెకరాలు, రెండు హెక్టార్లు కూడా లేవు. నీలాగే నాలుగేసి ఎకరాలవాళ్ళు ఆ ఏటి వెంబడి వందమంది ఉంటారు, ఎవరికి వారు చిన్న రైతులే, ఎవరికీ శుద్ధి అక్కర్లేదు, అందరి నీళ్ళూ కలిపితే ఒక పెద్ద ఫ్యాక్టరీ. చట్టం చెప్పకపోయినా నాలుగెకరాల్లో అర ఎకరం నీళ్ళు నిలిపి తేర్చే గుంటకు వదులు. పట్టుబడి నీళ్ళు అందులో నిలబెట్టి, మడ్డి దిగాక వదులు. ఆ అర ఎకరంలో రాని పంట గురించి బాధపడకు, రోగం వచ్చిన ఒక్క పంటలో పోయేదానితో పోలిస్తే అది చాలా తక్కువ.

ఇక పరిశ్రమలను అడ్డుకోవడం అన్యాయమా అన్న ప్రశ్న. నేను పరిశ్రమలకు వ్యతిరేకిని కాను తమ్ముడూ, నా ఇల్లు గడిచింది వాటితోనే. మన పాత కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి చూడు, బెరైటీస్ అంటారే అది. దాన్ని పొడి చేసి బురదలా కలిపి చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అదిమిపట్టడానికి వాడతారు. సముద్రంలో తవ్వే బావుల్లోకి కూడా మన రాయి పోతుంది. ఓబులవారిపల్లె నుంచి నెల్లూరు వైపు వెంకటాచలం దాకా కొండలు తొలిచి రైలు దారి వేసింది ఎందుకు, మన సరుకు కృష్ణపట్నం ఓడరేవుకు తొందరగా చేరాలనే కదా, 2019లో అది మొదలైంది. కాబట్టి రేవులు వద్దని నేనెలా అంటాను. రేవు ఎక్కడ కడుతున్నారు, కట్టాక ఇసుక ఏమవుతుంది, నీళ్ళు ఏమవుతాయి అని అడగాలంటాను.

మన తీరంలో ఏడాది మొత్తం మీద లెక్కేస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రయాణం చేస్తుంది. అలలు ఏటవాలుగా వచ్చి కొట్టి ఇసుకను కొంచెం కొంచెంగా నెడుతుంటాయి. మధ్యలో రేవు కోసం రాళ్ళతో బ్రేక్‌వాటర్ (అలలను ఆపే కట్ట) కడితే ఇసుక దానికి దక్షిణాన ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న ఊరికి రావాల్సిన ఇసుక రాదు, అలలు మాత్రం వస్తూనే ఉంటాయి, ఒడ్డు కోసుకుపోతుంది. చెన్నై మెరీనా బీచ్ అంత వెడల్పు అయింది 1880ల్లో రేవు కట్టిన తర్వాతే. దానికి ఉత్తరాన ఉన్న రాయపురం మాత్రం ఒడ్డు పోగొట్టుకుని రాతిగోడల వెనక బతుకుతోంది. విశాఖలో ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి బీచ్ వైపు పోయాల్సి వస్తోంది. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్ళకు ఇళ్ళే సముద్రంలో కలిసిపోయాయి. 1990 నుంచి 2018 దాకా తీరాన్ని పరిశీలించి చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం తేల్చింది, దేశం మొత్తం మీద మూడో వంతు ఒడ్డు కోతకు గురవుతోందని. నీ స్థలానికి దక్షిణాన రేవు ఉందా, చేపల హార్బర్ కోసం రాతికట్ట వేస్తున్నారా, ఇది నువ్వు కనుక్కోవాల్సిన మొదటి విషయాల్లో ఒకటి. నీ హద్దు కాగితంలో ఆరెకరాలే ఉంటుంది, పదేళ్ళకు నేల మీద ఎంత ఉంటుందో ఆ రాతికట్ట చెప్తుంది.

నీళ్ళ సంగతికొస్తే నాకు అన్నింటికంటే కోపం తెప్పించేది ఒకటుంది. ఫ్యాక్టరీ నుంచి నదిలోకో చెరువులోకో వదిలే నీళ్ళలో బీఓడీ (మురుగు కుళ్ళడానికి పట్టే ఆక్సిజన్ లెక్క) లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. అదే సముద్రంలోకి వదిలితే 100 దాకా పర్వాలేదు. సముద్రం పెద్దది, కలిసిపోతుంది అనే లెక్క. లోతైన చోట, ప్రవాహం ఉన్న చోట, పైపు చివర నీళ్ళను చెదరగొట్టే డిఫ్యూజర్ సరిగ్గా పనిచేస్తుంటే కలిసిపోతుంది కూడా. కానీ పైపు జాయింటు ఊడి ఒడ్డు దగ్గరే కారుతుంటే, లేదా ఏటి మొగలో వదిలితే? ఎక్కడ కలుస్తుంది. చాలా కంపెనీలు తీరానికి పరిగెత్తేది ఓడరేవు కోసం కాదు, ఈ 30కీ 100కీ మధ్య తేడా కోసం. శుద్ధి ఖర్చు అంతమేర మిగులుతుంది కదా. అలాంటి పరిశ్రమకు సముద్రం పక్కన చోటివ్వడం దండగ అని నా అభిప్రాయం, నిజంగా ఓడతో పని ఉన్నవాటికే ఆ నేల ఉంచాలి.

ఇంకోటి, పర్మిషన్ కోసం తయారుచేసే ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టులు. 2006 నోటిఫికేషన్ ప్రకారం మామూలుగా వానాకాలం కాని ఒక్క సీజన్ డేటా చాలు. మన తీరంలో సముద్ర ప్రవాహం మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తరానికి పారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరగబడి దక్షిణానికి పారుతుంది. మార్చిలో కొలిచి, మా నీళ్ళు ఉత్తరాన జనం లేని చోటికి పోతాయి అని రాస్తారు, నవంబరులో అవే నీళ్ళు దక్షిణాన ఉన్న పల్లెకు వస్తాయి. ఆ రిపోర్టులో ఒక్క అబద్ధం ఉండదు, అయినా అది సగం నిజమే. పైగా ఒక్కో కంపెనీ తన పైపు గురించి మాత్రమే రాస్తుంది. పక్కన ఇప్పటికే ఉన్న ఐదు పైపులు, థర్మల్ ప్లాంటు వదిలే వేడి నీళ్ళు, గుంటల నీళ్ళు అన్నీ కలిస్తే ఆ ముక్క సముద్రం ఎంత తట్టుకుంటుంది అని లెక్క కట్టే బాధ్యత ఏ ఒక్క ఫైలుదీ కాదు. సముద్ర విధానం అని పెద్దవాళ్ళు మాట్లాడేదాంట్లో నేను కోరేది ఇదే, ముందు ఆ ముక్క సముద్రం మోయగలిగినది ఎంతో తేల్చండి, ఆ తర్వాత పంచండి. ఎన్ని బస్తాలు ఎత్తొచ్చో చూడకుండా లారీకి లోడు వేయరు కదా ఎవరూ.

అడ్డుపడుతున్నారు అన్నావు కదా, ఆ అడ్డు ఎందుకొచ్చిందో కూడా తెలుసుకో. తొంభైల్లో మన నెల్లూరు తీరంలో, తమిళనాడులో రొయ్యల గుంటలు ఎడాపెడా తవ్వారు. పక్క వరిచేలు ఉప్పుబారాయి, మంచినీళ్ళ బావులు ఉప్పయ్యాయి, మత్స్యకారులు సముద్రానికి పోయే దారులు మూసుకుపోయాయి. తమిళనాడు నుంచి జగన్నాథన్ అనే గాంధేయవాది సుప్రీంకోర్టుకు పోయాడు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది, సీఆర్‌జెడ్‌లో ఉన్న రొయ్యల చెరువులు తీసేయమని, నష్టపోయినవాళ్ళకు పరిహారం ఇవ్వమని. ఆ తీర్పు తర్వాతే 2005 చట్టం వచ్చి సాగును మళ్ళీ ఒక పద్ధతిలో పెట్టింది. ఈరోజు దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రే ముందుంది. నిబంధన వచ్చాక సాగు ఆగిపోయి ఉంటే ఇది ఎలా సాధ్యమయ్యేది? మందులు వాడిన రొయ్య దొరికితే బయటి దేశాలు కంటెయినరే వెనక్కి పంపుతాయి, 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మనవాళ్ళు ఎంత టెన్షన్ పడ్డారో చూశావు. బయటి కొనుగోలుదారుడి మీద బతికే పంట ఇది, నీళ్ళు శుభ్రంగా ఉంచుకోవడం మన చేతిలో ఉన్న కొద్ది విషయాల్లో ఒకటి.

అక్కడి మనుషుల గురించి కూడా ఒక మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు సముద్రం మీదికి పోకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలు వాళ్ళు ఇళ్ళలో కూర్చుంటారు, ప్రభుత్వం ఆ కాలానికి వాళ్ళకిచ్చే భృతిని 2025లో 10 వేల నుంచి 20 వేలకు పెంచింది. చేపలు మిగలాలని తమ పొట్ట కట్టుకుంటున్న మనుషులు వాళ్ళు. అదే రెండు నెలల్లో నీ గుంటల నీళ్ళు, ఇంకొకరి ఫ్యాక్టరీ నీళ్ళు ఏట్లోకి పోతూ చేపపిల్లలను చంపుతుంటే వాళ్ళకు కడుపు మండదా? ఊళ్ళో అడుగుపెట్టిన మొదటి రోజే ఊరి పెద్దలను కలువు. పడవలు ఏ దారిన పోతాయి, ఏ నెలలో మొగ మూసుకుంటుంది, తాబేళ్ళు ఎక్కడ గుడ్లు పెడతాయి, ఇవి వాళ్ళు చెప్పినట్టు ఏ కన్సల్టెంటూ చెప్పలేడు.

ఇప్పుడు మీ స్నేహితుడి మాటకు వస్తా, సీమోళ్ళకు సముద్రంతో ఏం పని అన్నాడు కదా. నువ్వు పుట్టింది పెన్న ఒడ్డున. ఆ పెన్న కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి అనంతపురం జిల్లాలో తిరిగి, గండికోట లోయ దాటి, మీ ప్రొద్దుటూరు పక్కగా వచ్చి, కుందూ, పాపాఘ్ని, చెయ్యేరు అన్నింటినీ కలుపుకుని 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మా కడప ఊరి మధ్యలో బుగ్గవంక ఉంది, పెద్ద వాన పడిన మర్నాడు వంతెన మీద నిలబడితే కింద నుంచి కవర్లు, బాటిళ్ళు, చెప్పులు, థర్మకోలు ముక్కలు వరసకట్టి పోతుంటాయి. అవన్నీ ఎక్కడికి అనుకుంటున్నావ్? పెన్నకు. సోమశిలలో కొన్ని ఆగుతాయి, గేట్లు ఎత్తితే మిగిలినవి సముద్రానికి. నేను నెల్లూరు వైపు బీచ్‌లో మన ఊరి షాపు పేరున్న పాల కవరు చూసిన రోజుంది.

చెత్త పోతోంది, పోవాల్సిన ఇసుక మాత్రం పోవట్లేదు. 1953లో తుంగభద్ర డ్యాము కట్టినప్పుడు దాని సామర్థ్యం 133 టీఎంసీలు. ఇప్పుడు 105 చిల్లర. తేడా అంతా పూడిక. శ్రీశైలం 308 నుంచి 215కు పడిపోయింది. కర్నూలులో కేసీ కాలువ రైతును అడుగు, ఆ పూడికతో తన నీళ్ళు ఎంత తగ్గాయో చెప్తాడు. అదే మట్టి, అదే ఇసుక ఒకప్పుడు కృష్ణలో కొట్టుకుపోయి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసి డెల్టాను పెంచేది. అది ఆగిపోయి అక్కడ ఒడ్డు పలచబడుతోంది. ఇక్కడ రైతుకు నీళ్ళు లేవు, అక్కడ మత్స్యకారుడికి నేల లేదు, ఇద్దరి నష్టమూ ఒకే డ్యాములో కూర్చుని ఉంది. డ్యాములు వద్దని సీమలో పుట్టినవాడెవడూ అనడు, నేనూ అనను. పూడిక తీయడం గురించి, కిందికి కొంత ఇసుక వదిలే గేట్ల గురించి మనం అడిగితే అది మన కోసమూ, తీరం కోసమూ. పెన్నలో రాత్రిపూట ట్రాక్టర్లతో ఇసుక తోలేవాళ్ళను అడ్డుకోవడం కూడా సముద్రాన్ని కాపాడే పనే, ఎవరూ అలా చెప్పరు కానీ.

రాష్ట్ర తీరం 974 కిలోమీటర్లని మనం బడిలో చదువుకున్నాం, ఈమధ్య మళ్ళీ కొలిచి 1,053 అన్నారు. ఒడ్డు పెరిగిందని కాదు, వంకర్లు ఇంకా దగ్గరగా కొలిచారు. మీ మామకు కూడా ఇదే చెప్పు, ఎంత దగ్గరగా చూస్తే అంత ఎక్కువ తీరం కనిపిస్తుంది, ఆ ఉప్పుటేటి ఒడ్డుతో సహా.

అడ్వాన్స్ ఇచ్చే ముందు రెండుసార్లు పోయి రా. ఒకసారి మే నెలలో, ఇంకోసారి కార్తీకంలో వానలు పడ్డాక. అమావాస్య రోజు చూసుకుని పో, ఆ రోజు పోటు పెద్దదిగా ఉంటుంది. పోటు నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు మీ హద్దురాయికి ఎంత దూరంలో ఆగాయో నీ కళ్ళతో చూసి ఫోటో తీసుకో, ఆరేడు గంటలు ఆగి ఆటుకు నీళ్ళు తీశాక ఏటి అడుగు చూడు, నల్ల బురద కుళ్ళిన గుడ్డు వాసన కొడుతోందా, పీతల బొరియలు కనిపిస్తున్నాయా అని. మొగ దాకా నడిచి పో, తెరిచి ఉందో లేదో చూడు. లీటరు బాటిల్‌లో నీళ్ళు పట్టుకుని ఐస్ డబ్బాలో పెట్టుకుని కడపకు తీసుకురా, ఉప్పెంతో నేను చూసిపెడతాను. ఆక్సిజన్ మాత్రం అక్కడికక్కడే చూడాలి, దానికి కావాల్సిన కిట్ ఇక్కడి నుంచి పోయేటప్పుడు నా దగ్గర తీసుకో, ఎలా చేయాలో చూపిస్తాను. సర్వే నంబరు మాత్రం ఇప్పుడే పంపు.